ఓనరుగారి జట్టు, మా ఇంటి లీజు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నడం ఎంత అరుదో తెలిశాక ఆ ఆట మీద నాకున్న కాస్త గౌరవం కూడా పోయింది. పేరేమో ఫుట్‌బాల్, పనంతా చేతులతో. పోనీ బంతైనా బంతిలా ఉంటుందా అంటే అదీ లేదు, పెద్ద సైజు పనసగింజలా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెత్తుతాడు, నలుగురు మీదపడి తొక్కుతారు, ఈల మోగుతుంది, అందరూ లేచి దులుపుకుని గుంపుగా నిలబడి గుసగుసలాడుకుంటారు. మావైపు పెళ్ళిళ్ళలో మర్యాదలు తక్కువయ్యాయని మగపెళ్ళివారు అలిగినప్పుడు కూడా అన్ని గుసగుసలు నడవవు. అలాంటి ఆట కోసం ఐర్లండ్‌లో, గాల్వే అనే ఊళ్ళో ఒక అద్దె ఇంటి హాల్లో, చేతిలో చిల్లుల గరిటెతో, గొంతు బొంగురుపోయేదాకా నేను దెబ్బలాడాను. ఎందుకు దెబ్బలాడానో తెలియాలంటే ముందు ఇంటి సంగతి చెప్పాలి.

గాల్వేలో ఉద్యోగం దొరికినంత తేలిగ్గా ఇల్లు దొరకదు. గుండె రక్తనాళాల్లోకి పంపే సన్నటి గొట్టాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజనీర్ని. మా ఆయన ఇంకో ఫ్యాక్టరీలో సాఫ్ట్‌వేర్ చూస్తాడు. ఇద్దరం సంపాదిస్తున్నా సరే, ఇల్లు చూడటానికి వెళ్తే వానలో ఫుట్‌పాత్ మీద క్యూ కట్టాల్సిందే. అప్పటికే రెండిళ్ళు ఖాళీ చేశాం. ఒక ఓనరు కొడుకు పెళ్ళి చేసుకుని వచ్చి దిగాడు, ఇంకో ఓనరు అమ్మేసుకున్నాడు. ఇల్లు మారినప్పుడల్లా మా అమ్మాయికి బడి మారింది, స్నేహితులు మారారు. రెండోసారి మారాక అది కొన్నాళ్ళు ఎవరితోనూ ఆడుకోలేదు. ఎందుకే అంటే "వాట్స్ ది పాయింట్, మమ్మీ?" అంది, అచ్చం ఇక్కడి యాసలో. ఆరేళ్ళ పిల్ల అనాల్సిన మాటా అది? ఆ రోజు నేను బాత్రూములోకి వెళ్ళి ఏడ్చాను.

మూడో ఇంటి ముందు క్యూలో నిలబడినప్పుడు మా ముందు ఇద్దరు డాక్టర్లు, వెనక ఏదో బ్యాంకులో పనిచేసే జంట. అందరి చేతుల్లోనూ జీతాల కాగితాలు. ఓనరుగారు రిటైరైన బస్సు డ్రైవరు. పొడుగ్గా, ఎర్రగా, తల మీద ఏదో జట్టు బొమ్మ ఉన్న టోపీతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎవరి కాగితాలూ ముట్టుకోలేదు. ఒక్కటే ప్రశ్న వేశాడు అందరినీ.

"టీవీ ఇక్కడే ఉంటుంది. సీజన్‌లో ఆదివారం సాయంత్రం ఆరింటికి నేనొచ్చి మ్యాచ్ చూసుకుంటాను. మీకేమైనా ఇబ్బందా?"

ఆయన ఉండేది ఊరికి దూరంగా, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఇంట్లో. అక్కడ గట్టిగా గాలొస్తే నెట్ పోతుందట. ఇక్కడ గాలి రాని రోజు ఏది? అందుకని పెద్ద టీవీ, దాని చందా, కూర్చోవడానికి సోఫా, అన్నీ ఈ ఇంట్లోనే ఉంచి, ఇంటిని మాత్రం అద్దెకిస్తున్నాడు. డాక్టర్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ప్రతి ఆదివారం ఇంటి ఓనరు వచ్చి హాల్లో కూర్చుంటానంటే ఎవరు ఒప్పుకుంటారు?

మా ఆయన ఒప్పుకుంటాడు. ఆయనది కాకినాడ. వచ్చినవాణ్ణి వద్దనడం వాళ్ళ వంశంలోనే లేదు. "అయ్యో, ఎంతమాట సార్! మీ ఇల్లే అనుకోండి" అన్నాడు, ఇంగ్లీషులో. ఓనరుగారు ఒక్క క్షణం ఆలోచించి, "నా ఇల్లే కదా" అన్నాడు. మర్నాడు మాకు తాళాలు ఇచ్చాడు.

మంచి ఇల్లు. వంటింటి కిటికీలోంచి వెనక దండెం మీద బట్టలు ఎగరడం కనిపించేది. బడి నడిచి వెళ్ళేంత దూరం. నెల తిరక్కుండానే పక్కింటి పిల్ల గోడ మీదుగా మా అమ్మాయిని పిలవడం మొదలుపెట్టింది, మాది గోడెక్కి దూకడం నేర్చుకుంది. నాకు ఆ ఇంటి మీద ఎంత ఆశ పుట్టిందంటే, గోడకు ఒక్క మేకు కొట్టడానికి కూడా భయపడేదాన్ని. ఫొటోలన్నీ పెట్టెలోనే ఉంచాను. పొయ్యి పక్కన ఉండే అల్మరాని ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు, దాని తలుపు చప్పుడు కాకుండా వేసేవాళ్ళం. ఓనరు వారానికొకసారి వస్తాడు కాబట్టి వారమంతా ఆయన వచ్చి కూర్చున్నట్టే బతికేవాళ్ళం.

సెప్టెంబరులో సీజన్ మొదలైంది. మొదటి ఆదివారం సరిగ్గా ఆరింటికి బెల్లు మోగింది. ఆయన టోపీ తీయకుండా సోఫాలో కుడిమూల కూర్చున్నాడు. ఆ మూల అప్పటికే ఆయన ఆకారానికి గుంటపడి ఉంది. నేను ఉల్లి పకోడీలు పెట్టాను. ఆయన వాటిని బ్రౌన్ సాస్‌లో ముంచుకుని తిన్నాడు. మా ఆయన పక్కన కూర్చుని వీపు నిటారుగా పెట్టాడు, ఇంటర్వ్యూకి వచ్చినట్టు.

ఆయన జట్టు ఎప్పుడో కుర్రతనంలో అమెరికాలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళినప్పుడు పట్టుకున్న జట్టు. నేనెరిగినంతలో అది గెలిచిన దానికన్నా ఓడిందే ఎక్కువ. క్వార్టర్‌బ్యాక్ అని ఒకడుంటాడు, బంతి విసిరేది వాడే, జట్టుకు నాయకుడి లెక్క. వీళ్ళ క్వార్టర్‌బ్యాక్‌కి వయసు మీదపడింది. అయినా ఓనరుగారి దృష్టిలో వాడు దేవుడు. వాడు విసిరిన బంతి కిందపడితే పట్టుకోవాల్సినవాడిది తప్పు, తడిగా ఉంటే వానది తప్పు.

"కోచ్‌ని తీసెయ్యాలి" అన్నాడాయన మొదటి వారం.

"అవునండి, తీసెయ్యాలండి" అన్నాడు మా ఆయన.

రెండో వారం ఎలాగో గెలిచారు. "ఈ కోచ్ మేధావి" అన్నాడాయన.

"అవునండి, మహా మేధావండి."

ఓనరుగారు మా ఆయన వంక కాసేపు చూశాడు. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు. మర్యాద నచ్చిందనుకున్నాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దే" అనేవాడు మా ఆయన ఆయన వెళ్ళాక. "ఆయన పగలంటే పగలు, రాత్రంటే రాత్రి. మనకెందుకు? మళ్ళీ లీజు రాసేదాకా మనం ఆయన జట్టే."

నాదేమో కరీంనగర్. మావైపు నోరు మంచిదో కాదో తర్వాత సంగతి, ముందది ఊరుకోదు. "గంగిరెద్దు లెక్క తలకాయ ఊపుడేంది? చూడనీకి నాకే సిగ్గయితుంది" అన్నాను.

"ఊపితే మెడ నొప్పెడుతుంది, ఊపకపోతే ఇల్లు పోద్ది. ఏది కావాలో నువ్వే చెప్పు" అన్నాడు.

సరే, కనీసం ఏమంటున్నాడో అర్థం చేసుకుని తల ఊపుదామని, ఫ్యాక్టరీకి కారులో వెళ్ళేటప్పుడు ఆ ఆట గురించిన పాడ్‌కాస్టులు వినడం మొదలుపెట్టాను. గాల్వే రౌండబౌట్ల దగ్గర ట్రాఫిక్‌లో కూర్చుంటే పురాణం మొత్తం వినొచ్చు. అదిగో, అక్కడ నాకు ఆట అంటే కాదు గానీ ఆట గురించిన గొడవ అంటే పిచ్చి పట్టింది.

ఎందుకు పట్టదు? నేను పుట్టి పెరిగింది సినిమా హీరోల అభిమానుల మధ్య. కటౌట్ల ఎత్తు గురించి తలలు పగిలిన వీధి మాది. సాయంత్రమైతే టీవీలో నలుగురిని కూర్చోబెట్టి ఒకేసారి అరిపించే చర్చలు చూస్తూ అన్నం తిన్నవాళ్ళం. అమెరికావాళ్ళూ అంతే! కోట్లు వేసుకున్న ఐదుగురు మాజీ ఆటగాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, ఆట మొదలవకముందే ఎవడు ఓడతాడో, ఎందుకు ఓడతాడో, వాడి చిన్నప్పుడు ఏం లోపం జరిగిందో తేల్చేస్తారు. ఆట ఆదివారం అయిపోతుంది, దాని కర్మకాండ మాత్రం గురువారం దాకా నడుస్తుంది. ఎవడి మోకాలో బెణికితే ఆ మోకాలి గురించి రెండు రోజులు. కోచ్ విలేకరుల ముందు "చూద్దాం" అన్నాడనుకోండి, ఆ "చూద్దాం"లో అసంతృప్తి ఉందా, ఆశ ఉందా అని ఇంకో రోజు. వారం వారం జట్లకు ర్యాంకులిస్తారు. పోయిన వారం ఆకాశానికెత్తినవాణ్ణి ఈ వారం పాతాళంలోకి తొక్కుతారు, పోయిన వారం తామేమన్నారో ఒక్కడికీ గుర్తుండదు. ఏ ఎండకా గొడుగు.

నా ఉద్యోగంలో ఒక గొట్టానికి గీత పడితే ఆ గీత ఎక్కడ పడింది, ఏ మిషను దగ్గర పడింది, రుజువేమిటి అని వారాల తరబడి తవ్వి కారణం తేల్చాలి. వీళ్ళు నిమిషంలో తేల్చేస్తారు, రుజువు అడిగిన పాపాన పోరు. "వాడికి గెలవాలన్న కసి లేదు!" అంతే, ఫైలు మూసేశారు. నాకు ఎంత అసూయ పుట్టిందో చెప్పలేను. అభిమానుల ఫోరాలైతే ఇంకా రుచి. ఒకడు కోచ్‌ని తిడతాడు, ఇంకొకడు తిట్టినవాణ్ణి తిడతాడు, మూడోవాడు వచ్చి "మీరెవరూ నిజమైన అభిమానులు కారు" అని ఇద్దరినీ వెలేస్తాడు. చదువుతుంటే పుట్టింటికి వెళ్ళినట్టుండేది.

దసరా పోయింది, ఇక్కడి హాలోవీన్ కూడా పోయింది. ఆదివారాలు మాత్రం చల్లబడుతూ వచ్చాయి. మొదట్లో ఆట మధ్యలో చేతులూపుతూ మాట్లాడే ఓనరుగారు రాను రాను మాటలు తగ్గించాడు. ఏదో అనేవాడు, మా ఆయన "అవునండి" అనేవాడు, ఆయన నిట్టూర్చి బ్రౌన్ సాస్ సీసా వంక చూసేవాడు. నవంబరు చివరికి సగం ఆటలోనే లేచి వెళ్ళిపోవడం మొదలుపెట్టాడు. గొర్రెలున్నాయి, మేత వెయ్యాలి అనేవాడు. చీకట్లో గొర్రెలకు మేతేమిటి?

లీజు జనవరితో అయిపోతుంది. మా ఆయన ఒకరోజు ధైర్యం చేసి, "లీజు గురించి సార్..." అన్నాడు. ఓనరుగారు టోపీ సర్దుకుని, "ఈ ఇంటిని ఏం చెయ్యాలో ఆలోచిస్తున్నా" అన్నాడు.

"అవునండి, ఆలోచించాలండి" అన్నాడు మా ఆయన.

ఆ రాత్రి మేమిద్దరం సరిగ్గా తినలేదు. ఏం తప్పు చేశాం? అద్దె ఒక్కరోజు ఆలస్యం కాలేదు. ఇల్లు అద్దంలా ఉంది. ఆయన అన్న ఒక్క మాటకు ఎదురు చెప్పలేదు. "పకోడీలు బోరు కొట్టేసుంటాయే. ఈసారి గారెలు వెయ్యి" అన్నాడు మా ఆయన. ఇంకా గట్టిగా తల ఊపాలని కూడా నిర్ణయించుకున్నాడు. నేను గారెలు వేశాను. రెండు తిని వెళ్ళిపోయాడాయన.

డిసెంబరు మొదట్లో వచ్చిన ఆదివారం మళ్ళీ పకోడీలకే వచ్చాను. హాల్లో ఆట చివరికొచ్చింది. ఇక్కడ ఒక్క సంగతి తెలిస్తే చాలు, మిగతా ఆట తెలియకపోయినా నష్టం లేదు. పది గజాలు ముందుకెళ్ళడానికి జట్టుకు నాలుగు ప్రయత్నాలిస్తారు. మూడింటిలో కుదరకపోతే నాలుగోది ధైర్యంగా ఆడొచ్చు. లేదా ఆ ప్రయత్నం వదులుకుని, బంతిని దూరంగా తన్ని ఎదుటి జట్టుకు అప్పజెప్పొచ్చు. ఓనరుగారి జట్టు నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. టైము కరిగిపోతోంది. మూడు ప్రయత్నాలు అయిపోయాయి, ఇంకొక్క గజం కావాలి. ఒక్కటంటే ఒక్క గజం, మా వంటింటి గట్టంత కూడా లేదు. కోచ్ బంతిని తన్నించి ఎదుటివాళ్ళకు ఇచ్చేశాడు. మళ్ళీ ఆ బంతి వీళ్ళ చేతికి రానేలేదు. ఓడిపోయారు.

"మంచి నిర్ణయమే. మన డిఫెన్స్‌ని నమ్ముకున్నాడు" అన్నాడు ఓనరుగారు నీరసంగా.

"అవునండి, చాలా మంచి నిర్ణయమండి" అన్నాడు మా ఆయన.

నాలో ఏదో తెగింది. వంటింట్లోంచి చిల్లుల గరిటె పట్టుకుని అలాగే వచ్చేశాను. నూనె తివాచీ మీద బొట్లు బొట్లుగా పడుతోంది.

"మంచి నిర్ణయమా? ఏది మంచి నిర్ణయం? ఒక్క గజం! ఒక్క గజానికి భయపడి, చేతిలో ఉన్న బంతిని తీసుకోండి సార్ అని ఎదుటివాడికి ఇచ్చేస్తాడా? వాడు కోచా, పనిమనిషా? ఓడిపోతే పోయేది ఎలాగూ పోయేదే, కనీసం ఆడి చావొచ్చు కదా!"

ఇదంతా ఇంగ్లీషులోనే అన్నాను. ఓనరుగారు నోరు తెరిచి మూశాడు. నేను ఆగలేదు. రెండున్నర నెలలుగా చెవుల్లో పోసుకున్న చర్చలన్నీ నోట్లోంచి తన్నుకొచ్చాయి. మీ క్వార్టర్‌బ్యాక్ పని అయిపోయి రెండేళ్ళయింది, ఈ విషయం బల్ల చుట్టూ కూర్చునే ఐదుగురిలో నలుగురికి తెలుసు, మీకే తెలియదు అన్నాను. వాన అంటాడు, గాలి అంటాడు, ఆడలేక మద్దెల ఓడు అన్నాడట ఇలాంటివాడే అన్నాను. అది ఇంగ్లీషులోకి మార్చి చెబితే, "ఏ మద్దెల?" అన్నాడాయన. "మద్దెల సంగతి వదిలెయ్యండి! మా ఇంట్లో, మా సోఫాలో కూర్చుని, మా టీవీ ముందు ఇంత పిరికి ఆటని మెచ్చుకుంటే నేనొప్పుకోను!"

సోఫా ఆయనది. టీవీ ఆయనది. నూనె కారుతున్న తివాచీ కూడా ఆయనదే. ఇంటి సంగతి చెప్పక్కర్లేదు. పకోడీలు మాత్రం నావి.

మా ఆయన ముఖంలో రక్తం లేదు. మా అమ్మాయి మెట్ల మీద నిలబడి, "మమ్మీ, దట్స్ నాట్ ఫెయిర్ ఆన్ హిమ్" అంది. ఓనరుగారు మెల్లగా లేచాడు. కోటు వేసుకున్నాడు. "సరే" అన్నాడు. ఇంకేమీ అనకుండా వానలోకి వెళ్ళిపోయాడు. పకోడీ ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

తలుపు పడ్డాక నేను తివాచీ మీది నూనె తుడవడం మొదలుపెట్టాను.

"కొంప ముంచేసేవు కదే" అన్నాడు మా ఆయన చివరికి. "అంత ఇదిగా దెబ్బలాడితేగాని నీకు కుదర్లేదా? ఆ కోచ్ మనకేవవుతాడే?"

"ఏం కాడు. ఒక్క గజానికి భయపడేటోడు నాకేమైతడు?"

అన్నానే గానీ, అప్పటికి నాకు అర్థమైపోయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించాను. నా కోపం ఆ కోచ్ మీద కాదు. ప్రయత్నం చేతిలో ఉండగానే బంతిని అప్పజెప్పి వినయంగా పక్కకు తప్పుకునే మనిషి నా ఇంట్లోనే ఉన్నాడు, నేనూ ఆయన వెనకే మేకు కొట్టకుండా, తలుపు చప్పుడు చెయ్యకుండా బతికాను. ఈ మాట మా ఆయనతో అనలేదు. ఆయన అప్పటికే ఫోనులో ఇళ్ళు వెతుకుతున్నాడు.

ఆ వారమంతా అదే పని. "ములింగార్‌లో ఒకటుంది" అనేవాడు పొద్దున్నే. ములింగార్ నుంచి మా ఫ్యాక్టరీకి రోజూ రావాలంటే నేను కారులోనే కాపురం పెట్టాలి. "ట్రాలీ ఊళ్ళో పెద్దిల్లు, గాల్వే అద్దెలో సగం లేదు" అనేవాడు రాత్రికి. ట్రాలీ దేశానికి ఇంకో మూల. మా అమ్మాయి వింటూనే ఉంది. ఒకరోజు గోడ దగ్గర పక్కింటి పిల్ల పిలిస్తే వెళ్ళలేదు. ఎందుకే అంటే భుజాలెగరేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న మనిషిని వెక్కిరించాను. ఇప్పుడు నా నోటివల్ల ఊరే పోయేలా ఉంది.

కారులో మాత్రం ఆ ఒక్క గజం గురించే చర్చ. ఐదుగురు రెండుగా చీలిపోయారు. కోచ్ విలేకరుల ముందుకొచ్చి, మళ్ళీ అదే పరిస్థితి వస్తే మళ్ళీ అలాగే చేస్తానన్నాడు. "సిగ్గులేనివాడా" అని స్టీరింగు మీద కొట్టాను. పక్క కారులో ఉన్నాయన భయంగా చూశాడు.

ఆదివారం వచ్చింది. ఆరైంది. బెల్లు మోగలేదు. నేను అలవాటుగా ఉల్లిపాయలు తరిగి, పిండి కలపకుండా వదిలేశాను. మా ఆయన టీవీ పెట్టాడు, మళ్ళీ కట్టేశాడు, మళ్ళీ పెట్టాడు. "ఫోన్ చేసి సారీ చెబుదామా?" అన్నాడు. చెప్పడానికి నేను సిద్ధమే. నిజంగా సిద్ధమే. ఆ పిల్ల మళ్ళీ గోడెక్కి దూకుతుందంటే ఆ కోచ్‌కి కూడా సారీ చెప్పేదాన్ని.

ఆట మొదలయ్యాక, ఇక రాడని తేలిపోయాక, బెల్లు మోగింది.

ఓనరుగారు వానలో తడిసి నిలబడి ఉన్నాడు. హలో లేదు, వాతావరణం గురించి ఇక్కడివాళ్ళు తప్పనిసరిగా అనే మాట లేదు.

"ఆ ఒక్క గజం" అన్నాడు గుమ్మంలోనే. "వాళ్ళ ముందు వరస ఎంత బరువుందో తెలుసా మిస్సస్ నీకు? తెలీదు. ఫోరంలో అడిగాను. సగంమంది నావైపే ఉన్నారు."

"మిగతా సగం?" అన్నాను.

"మిగతా సగం మూర్ఖులు" అన్నాడు, బూట్లు విప్పుతూ.

నా ప్రాణం అప్పటికి కుదుటపడిందో లేదో నాకే తెలియలేదు, నోరు మాత్రం ముందుకు దూకింది. మూర్ఖులు ఎటువైపు ఉన్నారో పోయిన ఆదివారం స్కోరే చెప్పింది అన్నాను. స్కోరు చూసి మాట్లాడేది పిల్లలు అన్నాడాయన. ఆట సగం అయ్యేసరికి ఇద్దరం లేచి నిలబడి ఉన్నాం. ఆయన టోపీ తీసి నేలకేసి కొట్టాడు. నేను గరిటెతో గాల్లో గీతలు గీసి, కోచ్ ఎవరిని ఎటు పంపాల్సిందో చూపించాను, అందులో సగం నాకే అర్థం కాలేదు. మా అమ్మాయి మధ్యలో కూర్చుని "మమ్మీ, యూ ఇంటరప్టెడ్ హిమ్" అని ఒకసారి, "హీ స్టార్టెడ్ ఇట్" అని ఒకసారి తీర్పులు చెప్పింది. మా ఆయన వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెం పట్టుకుని, ఎవరికి ముందు పెట్టాలో తేలక అలాగే నిలబడిపోయాడు.

జట్టు గెలిచింది. ఎలా గెలిచిందో నాకు గుర్తులేదు. ఓనరుగారు చివరి పకోడీ దాకా తిని, సోఫాలో వెనక్కి వాలి, చాలాసేపు నవ్వాడు. ఆయన నవ్వు మేం వినడం అదే మొదటిసారి.

"గ్రాండ్" అన్నాడు, అంటే ఇక్కడివాళ్ళ మాటల్లో బాగుందని. తర్వాత మామూలుగా, వాన గురించి చెబుతున్నంత మామూలుగా చెప్పాడు. "ఇల్లు అమ్మేద్దామనుకున్నా. ఏజెంటుని ఈ గురువారం రమ్మన్నాను కూడా. మొన్న ఫోన్ చేసి వద్దన్నా. లీజు రాసుకుందాం, నీకు వీలైనప్పుడు చెప్పు."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు. "ఎందుకు అమ్ముదామనుకున్నారు?" అన్నాను.

"నేనుండేచోట మాట్లాడేవాళ్ళు లేరు. ఆదివారం ఇక్కడికి వస్తే మనుషులుంటారు, ఆట గురించి నాలుగు మాటలనుకోవచ్చు అనుకున్నాను. వచ్చి చూస్తే ఇక్కడా ఎవరూ లేరు" అన్నాడు. "నేనన్నదే నాకు తిరిగి వినిపించేది. ఖాళీ ఇంటికి ప్రతివారం రావడమెందుకు, అమ్మేస్తే పోలా అనిపించింది."

"ఇంత ఆలోచన ఉంటే మాకు ముందే చెప్పకూడదా? పిల్ల బడి ఉంది, మా ఉద్యోగాలున్నాయి. ఒక్క మాట చెబితే మేం బతిమాలేవాళ్ళం కదా!"

ఓనరుగారు మా ఆయన వంక తిరిగాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఇల్లు అమ్మేస్తున్నానని నీతో చెబితే నువ్వేమనేవాడివి?"

మా ఆయన ఖాళీ పళ్ళెం వంక చూశాడు, సోఫాలో నిద్రకు జోగుతున్న పిల్ల వంక చూశాడు. ఆయన అబద్ధమాడలేడు, అదొక్కటి ఆయనలో మొదటినుంచీ నాకు నచ్చిన గుణం.

"మంచి నిర్ణయమండి అనేవాణ్ణి" అన్నాడు.